చిన్నకార్ల సామర్థ్యము - బలవృద్ధి చిప్పులు : ఒక చారిత్రక పరిశీలనము

చిన్నకారునకు ఒక చిప్పును తగిలించినంతనే యింజను బలము పెరుగునను ప్రకటనలు నేడు కారుగల ప్రతివానికిని పరిచితములే. వానిని నమ్మి కొనువారిలో పలువురు ఏండ్ల తరబడి కూడబెట్టిన సొమ్ముతో ఒక్క కారును సంపాదించుకొనినవారు. యానాములోని అడవిపొలము వంటి చోట నివసించు గృహస్థు కాకినాడకు పోవలసినను, గౌతమి వారధి దాటి అమలాపురమునకు పోవలసినను, పెట్రోలు ధరను, లీటరునకు వచ్చు కిలోమీటరులను లెక్కించుకొనియే బండి కదలించును. యానాము పుదుచ్చేరి ప్రాంతమగుటచే అచ్చట పెట్రోలు పొరుగున నున్న ఆంధ్రప్రదేశములోకన్న చౌక. ఆ చౌకవలన మిగిలిన రూపాయలను చిప్పునకు వెచ్చించినచో ప్రతిఫల మేమైన గలదా? ఈ ప్రశ్నకు చిన్నకార్ల చరిత్రయే సమాధానము చెప్పగలదు.

ముందుగా సామర్థ్యము ఎచ్చటినుండి వచ్చునో విచారింపవలెను. పెట్రోలునుండి యనుట సగము సత్యము మాత్రమే. ఒక కిలోగ్రాము పెట్రోలు పూర్తిగ దగ్ధమగుటకు సుమారు 14.7 కిలోగ్రాముల గాలి కావలయును. పెట్రోలును ఎంతయైనను చిమ్మవచ్చును. కాని సిలిండరులో పట్టు గాలికి మేర కలదు. టర్బో లేని యింజను తాను పీల్చుకొనగలిగినంత గాలినే పీల్చుకొనును. ఏ చిప్పును గాలిని పుట్టింపజాలదు. ఇంధనమిశ్రమమును కొంచెము చిక్కబఱచుట, నిప్పురవ్వను లిప్తపాటు ముందుగా పుట్టించుట - ఈ రెండే దాని చేతనున్న ముఖ్యోపాయములు. ఈ రెంటిని కర్మాగారమువారు ముందే చాలవఱకు సరిచేసియే కారును అమ్ముదురు.

ఇంజనులోనికి ఎలక్ట్రానిక్ నియంత్రణము వచ్చిన విధము గమనింపదగినది. జర్మనీకి చెందిన బాష్ సంస్థ 1967లో ఎలక్ట్రానిక్ పద్ధతిచే పెట్రోలును చిమ్ము ఏర్పాటును విపణిలో ప్రవేశపెట్టెను. ఇంధనమును, నిప్పురవ్వను ఒకే యంత్రగణకమునకు అప్పగించిన మోట్రానిక్ అను పద్ధతి 1979లో వెలువడెను. అందలి లెక్కలన్నియు ఒక జ్ఞాపకపు చిప్పులో నిక్షిప్తములై యుండెడివి. దానిని ఊడదీసి వేఱు లెక్కలు గల చిప్పును అమర్చు మెకానికులు 1980వ దశకమున బయలుదేరిరి. ఈ వ్యాపారమునకు 'చిప్పు' అను పేరు అప్పుడు వచ్చినదే. తరువాతి కార్లలో చిప్పును మార్చనక్కఱలేకుండ, డ్రైవరు కాళ్లకడ నుండు ఓబీడీ ద్వారమునుండియే లెక్కలు తిరుగవ్రాయుట సాధ్యమైనది.

మన దేశమున ఈ మార్పు మారుతి 800 చరిత్రయందు స్పష్టముగ గోచరించును. 1983 డిసెంబరులో వెలువడిన ఈ కారు యింజను మూడు సిలిండరులది. పరిమాణము 796 ఘనసెంటీమీటరులు. ఇంధనమును అందించునది కార్బురేటరు. సామర్థ్యము 37 అశ్వసామర్థ్యముల ప్రాంతమున నుండెను. 2000 నాటి కాలుష్యనియమముల కాలమున కార్బురేటరు పోయి, కంప్యూటరు ఆజ్ఞపై పెట్రోలును చిమ్ము ఏర్పాటు వచ్చినది. పొగ శుభ్రపడినది; కాని సామర్థ్యము ఇంచుమించు 37 ప్రాంతముననే నిలిచినది. ఆ కాలముననే అదే 796 ఘనసెంటీమీటరుల పరిమాణముతో వెలువడిన మఱియొక రకము మాత్రము సుమారు 45 అశ్వసామర్థ్యముల నిచ్చెను. భేదము కంప్యూటరులో లేదు. సిలిండరునకు రెండు వాల్వులకు మారుగ నాలుగు వాల్వులుండుటచే ఆ యింజను అధికవేగమున ఎక్కువ గాలిని పీల్చగలిగెను. ఎనిమిది అశ్వసామర్థ్యములను తెచ్చినది వాల్వులు గాని చిప్పు గాదు.

టర్బోగల యింజనుల విషయము వేఱు. టర్బో గాలిని ఒత్తిడితో సిలిండరులోనికి త్రోయును. 998 ఘనసెంటీమీటరుల పెట్రోలు యింజనులలో టర్బో లేనిది 67 అశ్వసామర్థ్యముల నీయగా, టర్బోగలది 120 వఱకు ఇచ్చుచున్నది. ఆ ఒత్తిడిని నియంత్రించునది కంప్యూటరే గనుక అందలి లెక్కలు తిరుగవ్రాసినచో గాలియు, దానితోపాటు ఇంధనమును పెరుగును. అచ్చట నూటికి 15 మొదలు 30 వఱకు వృద్ధి నిజముగనే కానవచ్చును. టర్బో లేని చిన్న పెట్రోలు కారులో వృద్ధి సాధారణముగ నూటికి 5కు మించదు.

టర్బోకును హద్దు కలదు. మన దేశమున అనేక చిన్నకార్లలో వాడబడిన 1,248 ఘనసెంటీమీటరుల డీజిలు యింజను 75, 90 అశ్వసామర్థ్యములుగల రెండు రూపముల వెలసెను. ఆ పదునైదు అశ్వసామర్థ్యములకై తయారీదారులు లెక్కలతో సరిపెట్టక టర్బోనే మార్చిరి. పాత టర్బోపై ఒత్తిడి పెంచి అదే ఫలితమును రాబట్ట బూనినచో వేడిమియు, నల్లపొగయు పెరుగును. క్లచ్చి, గేర్లపై భారము హెచ్చును.

ఇక స్వల్పమూల్యమునకు దొరకు చిప్పులు గలవు. కొన్ని ఓబీడీ ద్వారమున తగిలింపగనే దీపము వెలిగించుటకన్న వేఱు పని చేయవు. కొన్ని లోనికి వచ్చు గాలి చల్లగ నున్నదని సెన్సరు ద్వారా యింజనునకు అబద్ధము చెప్పును. కంప్యూటరు ఆ మాట నమ్మి కొంత పెట్రోలు అధికముగ చిమ్మును. పొగగొట్టములోని ఆక్సిజను సెన్సరు ఆ మోసమును కనిపెట్టి సాధారణప్రయాణమున దానిని తిరిగి తగ్గించును. గోదావరి డెల్టాలోని మండువేసవిలో నిజముగ వేడిగనున్న గాలిని చల్లనిదని నమ్మించి నిప్పురవ్వను ముందుకు జరుపుట యింజనునకు క్షేమము కాదు. మఱికొన్ని ఆక్సిలరేటరు సంజ్ఞను మాత్రము మార్చును. కాలు కొంచెము నొక్కిన చాలు, కారు ఎక్కువ నొక్కినట్లు దూకును. కొన్నవాడు బలము పెరిగినదని సంతసించును. కాని కాలు పూర్తిగ నొక్కినప్పుడు లభించు సామర్థ్యము మునుపటిదే. చురుకు వేఱు, సామర్థ్యము వేఱు. ఈ వ్యాపారము చాలవఱకు ఆ రెంటి భేదమును మఱపించుటపైననే నడచుచున్నది.

స్వానుభవ మేల ప్రమాణము కాదని కొంద ఱడుగవచ్చును. 40 డిగ్రీల వేసవి మధ్యాహ్నపు గాలికన్న 20 డిగ్రీల శీతకాలపు ఉదయపు గాలి నూటికి సుమారు ఏడుపాళ్లు చిక్కనిది. వేసవిలో నడపిన కారును చిప్పు తగిలించి చలికాలపు తెల్లవాఱుజామున నడపినవానికి గాలి యిచ్చిన బలము చిప్పు యిచ్చినట్లు తోచును. అందుచే ఒకే దినమున, ఒకే పెట్రోలుతో, డైనమోమీటరుపై, చిప్పుతోను చిప్పు లేకయు పలుమాఱులు కొలచి చూచుటయే సరియైన పరీక్ష. ఇంధనము పొదుపుచేయునని చెప్పబడిన 100కు పైగా పరికరములను అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ పరిశీలింపగా, వానిలో అత్యధికములు ప్రయోజనము చూపకపోవుట ఇచ్చట స్మరింపదగినది.

చట్టమును విస్మరింపరాదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ విభాగము తయారీదారుల నిర్దేశములకు విరుద్ధముగ వాహనమును మార్చుటను నిషేధించుచున్నది. 2019 జనవరిలో సుప్రీముకోర్టు దానిని దృఢపఱచినది. ఆ యేటి సవరణచే, అనుమతింపబడని మార్పు చేసిన యజమానికి ఆఱు నెలల వఱకు కారాగారవాసము గాని, మార్పునకు 5,000 రూపాయల జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. తయారీదారుల హామీయు సాధారణముగ చేజాఱిపోవును.

కావున చిప్పు కేవలము బూటకమనుట సత్యము కాదు. అన్ని కార్లకును బలమిచ్చుననుట అంతకన్నను సత్యము కాదు. గాలిని అధికముగ త్రోయు సాధనము కారులో నున్నచోట అది నిజముగనే పనిచేయును; దాని మూల్యమును యింజను చెల్లించును. ఆ సాధనము లేని చిన్నకారులో వృద్ధి చెప్పుకొనదగినది కాదు. దాని మూల్యమును యజమాని చెల్లించును. ఆ సొమ్ముతో గాలిఫిల్టరును, స్పార్కుప్లగ్గులను మార్పించి, టైర్లలో గాలి సరిచూపించుకొన్నచో, కారు తనకు సహజముగ గల బలమును కోల్పోకుండును. చిన్నకారు గృహస్థునకు కావలసినది అదియే.