మగ్గం గుంట నుంచి పిల్లి చెవుల కుర్చీ దాకా



పోయిన ఆదివారం మీటింగులో మన చదువు గదికి ఆరు కుర్చీలు కొనే సంగతి వచ్చింది కదా. పిల్లలు ఫోనులో ఒక గేమింగ్ కుర్చీ ఫొటో చూపించారు. గులాబీ రంగు, తల ఆనించే చోట రెండు పిల్లి చెవులు. ఒక పెద్దాయన "ఇది గ్రంథాలయమా, సర్కసా?" అన్నారు. అందరం నవ్వాం, నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక మనసులో ముల్లు గుచ్చుకున్నట్టయింది. ఆ ఫొటో తెచ్చిన బిడ్డ ఇంట్లోంచే కంపెనీ పని చేస్తుంది. రోజుకు తొమ్మిది గంటలు, పెళ్ళిళ్ళలో వేసే ప్లాస్టిక్ కుర్చీలో. ఇరవై నాలుగేళ్ళకే నడుముకు బెల్టు కట్టుకుంటోంది. అందుకే ఈ రాత. కాస్త పొడుగైంది, ఓపిక పట్టండి.

సోలాపూర్‌లో మొదటి బట్టల మిల్లు 1877లో మొదలైంది. కరీంనగర్, వరంగల్, నల్లగొండ, పాలమూరు వైపుల నుంచి ఈ ఊరికి నేతపని వెతుక్కుంటూ వచ్చిన మనవాళ్ళ ఇళ్ళలో కుర్చీ అనే వస్తువే లేదు. పీట, నులక మంచం, మగ్గం, అంతే. మా తాత మగ్గం గుంట నా చిన్నప్పటి దాకా ఉండేది. ఆయన గుంట గట్టున కూర్చుని కాళ్ళు లోపలికి వదిలేవాడు. పాదాలు కింద తొక్కే కర్రల మీద సరిగ్గా ఆనేవి, చేతులు నాడె దగ్గరికి భుజం ఎత్తకుండానే అందేవి. ఆ గుంట ఆయన కాళ్ళ పొడవు చూసుకుని తవ్వుకున్నది. మా నాయన అంతకంటే పొడుగు మనిషి. మగ్గం ఆయన చేతికి వచ్చినప్పుడు మొదట చేసిన పని గుంట అడుగున మట్టి తియ్యడం. అలాగని ఆ రోజులు బంగారమని అనను. వీపుకు ఆసరా ఉండేది కాదు, యాభై ఏళ్ళకే తాత వంగిపోయాడు. నేల మీద చాట ఒడిలో పెట్టుకుని బీడీలు చుట్టిన మన అవ్వల మోకాళ్ళ సంగతి మీకు తెలియనిది కాదు.

కుర్చీ అన్న మాట కూడా మనది కాదు. అరబ్బీ 'కుర్సీ' పారసీ, ఉర్దూల మీదుగా మన నోటికి చేరింది. అరబ్బీలో సింహాసనానికీ ఆ మాట వాడతారు. బ్రిటిషు కాలంలో ఉత్తరాదిన 'కుర్సీ నషీన్' అని ఒక హోదా ఉండేది, దొరగారి ముందు కుర్చీలో కూర్చునే అర్హత ఉన్నవాడని. దానికి సర్టిఫికెట్లు కూడా ఇచ్చేవారు! మన మహారాష్ట్రలోనే సాతారా బడిలో చిన్న భీమ్‌రావ్ అంబేడ్కర్‌ను విడిగా గోనె పట్టా మీద కూర్చోబెట్టారు. సాయంత్రం ఆ పట్టాను ఆయనే ఇంటికి మోసుకెళ్ళి పొద్దున తెచ్చుకునేవాడు. 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో ఆయన స్వయంగా రాసుకున్న సంగతి ఇది. "కుర్చీ హుందాగా ఉండాలి" అని మనం అన్నప్పుడు ఈ చరిత్రంతా ఆ మాట వెనకాల నిలబడి ఉంటుంది.

మామూలు మనిషికి కుర్చీ చవకగా అందడంలో ఆస్ట్రియా దేశపు థోనెట్ కంపెనీది పెద్ద చెయ్యి. 1859లో వాళ్ళు ఆవిరి పట్టి వంచిన కర్రతో ఒక కుర్చీ చేశారు. ఆరు కర్ర ముక్కలు, పది స్క్రూలు. విడగొట్టి సర్దితే ఒక ఘనపు మీటరు పెట్టెలో ముప్పై ఆరు కుర్చీలు పట్టేవి. బొంబాయి ఇరానీ హోటళ్ళలో మీరు చాయ్ తాగిన వంపు కర్ర కుర్చీలు ఆ వంశానివే. తర్వాత 1972లో ఫ్రాన్సులో హెన్రీ మసోనే ఒకే అచ్చులో పోసిన ప్లాస్టిక్ కుర్చీ తెచ్చాడు. ఆ జాతి కుర్చీలే ఇప్పుడు మన కల్యాణ మండపం నిండా ఉన్నాయి. గంటసేపు భోజనానికి భేషుగ్గా ఉంటాయి. తొమ్మిది గంటల పనికి కాదు.

ఇక గేమింగ్ కుర్చీ. ఇది పుట్టింది కారు సీటులోంచి. కార్లకు సీట్లు చేసే డీఎక్స్‌రేసర్ కంపెనీ 2006లో అదే సీటును చక్రాల మీద ఎక్కించి కంప్యూటర్ ముందుకు తెచ్చింది. వీపు పైభాగంలో రెండు కంతలు ఉంటాయి చూడండి, పందెం కారులో డ్రైవరును కట్టే బెల్టులు దూర్చే చోటు అది. పక్కలకు ఎత్తుగా ఉండే దిండ్లు మలుపులో మనిషి జారిపోకుండా పెట్టినవి. మన చదువు గదిలో మలుపులేం లేవు. పైగా మనం కుర్చీలో కూడా బాసింపట్టు వేసుకునే జాతి, ఆ దిండ్లు మోకాళ్ళకు అడ్డం.

కాబట్టి నా అభిప్రాయం ఇదీ. రంగు, చెవులు పిల్లల ఇష్టానికి వదిలేద్దాం, వాటివల్ల ఎవరి నడుమూ నొయ్యదు. బేరం మాత్రం మనం చూద్దాం. పక్క దిండ్లు చదునుగా ఉన్నదే తీసుకుందాం. సీటు కిందికి దింపినప్పుడు పొట్టి పిల్లల పాదాలు కూడా నేలకు ఆనాలి. చాలా గేమింగ్ కుర్చీలు పొడుగు మగవాళ్ళ కొలతకు చేసినవి, మన ఆడపిల్లలకు కాళ్ళు వేలాడతాయి, సీటు అంచు తొడల కింద ఒత్తుతుంది. వీపు ఆనించి కూర్చుంటే మోకాలి వెనక రెండు మూడు వేళ్ళ సందు మిగలాలి. చేతులు ఆనించే పట్టీలు పైకీ కిందికీ జరగాలి. తోలులా మెరిసే రెక్సిన్ మాత్రం వద్దు. సోలాపూర్ ఎండాకాలంలో వీపు చెమటతో అతుక్కుపోతుంది, కొన్నాళ్ళకు పొట్టు లేస్తుంది. గుడ్డదో జాలీదో మేలు. నూట ఎనభై డిగ్రీలు వెనక్కి వాలుతుందని కొట్టువాడు చెబితే, పడుకోవడానికి ఇంట్లో మంచం ఉందని చెప్పండి. ఆ డబ్బు కింద ఉండే అయిదు కాళ్ళ చక్రాల చట్రం ఇనుముదిగా ఉండటానికీ, పైకి లేపే గ్యాసు గొట్టం మీద వారంటీకీ పెట్టడం నయం.

కొట్టువాడితో మాట్లాడాను. రెండు నమూనాలు వచ్చే ఆదివారం పదింటికి చదువు గదికి పంపుతానన్నాడు. ఒకటి నల్ల జాలీది, ఒకటి గులాబీ రంగు గుడ్డది, చెవులతో సహా. ఆ అమ్మాయీ రావాలి, సర్కసు అన్న పెద్దాయనా రావాలి, ఇద్దరూ చెరో అరగంట రెండిట్లోనూ కూర్చోవాలి. కొలత టేపు నేను తెస్తాను. మన బల్లలు కాస్త ఎత్తు కాబట్టి పాదాల కిందికి ఎవరింట్లోనైనా పాత పీట ఉంటే పట్టుకురండి.