సిస్ట్ ఆపరేషన్ తర్వాత పీరియడ్స్ లేటవుతున్నాయా? ముందు డిశ్చార్జ్ సమ్మరీ చూడండి!

అండాశయంలోని సిస్ట్ తీయించుకున్నాక మొదటి ఒకటి రెండు నెలలు కొందరికి పీరియడ్స్ అటూ ఇటూ అవుతుంటాయి. ఆపరేషన్ ఒత్తిడి, అండం ఆలస్యంగా విడుదల కావడం, హార్మోన్ మాత్రలు మొదలుపెట్టడం లేదా ఆపేయడం ఇందుకు కారణం కావచ్చు. సాధారణంగా పెద్దవారిలో 21 నుంచి 35 రోజుల మధ్య నెలసరి వస్తే కంగారు అక్కర్లేదు.

అసలు ఏం తీశారు?

ఇదే ముఖ్యం. డిశ్చార్జ్ సమ్మరీలో ఈ వివరం ఉంటుంది.

* సిస్ట్ ఒక్కటే తీస్తే: అండాశయం అలాగే ఉంటుంది. నెలసరి మెల్లగా గాడిలో పడుతుంది.
* ఒక అండాశయం తీస్తే: రెండోది బాగా పనిచేస్తుంటే పీరియడ్స్ వస్తాయి. గర్భం దాల్చే అవకాశమూ ఉంటుంది.
* రెండూ తీస్తే: గర్భసంచి ఉన్నా నెలసరి ఆగిపోతుంది. ఒంట్లో వేడి ఆవిర్లు, నిద్రలేమి రావచ్చు.
* చాక్లెట్ సిస్ట్ అయితే: అండాల నిల్వ తగ్గొచ్చు. పిల్లలు కావాలనుకునేవారు ఏఎంహెచ్ రక్తపరీక్ష గురించి డాక్టర్‌ని అడగాలి.
* పీసీఓఎస్ కూడా ఉంటే: సిస్ట్ తీసినంత మాత్రాన అది పోదు. దానికి విడిగా చికిత్స కావాలి.

డాక్టర్‌ దగ్గరికి ఎప్పుడు?

పీరియడ్ తప్పితే ముందు ప్రెగ్నెన్సీ టెస్ట్ చేసుకోవాలి. మూడు నెలలు రాకపోతే "ఆపరేషన్ నీరసంలే" అని వదిలేయొద్దు. థైరాయిడ్, ప్రొలాక్టిన్ పరీక్షలు, స్కానింగ్ అవసరం కావచ్చు. గంటకో ప్యాడ్ తడిసిపోతున్నా, జ్వరం, తీవ్రమైన కడుపునొప్పి, దుర్వాసనతో డిశ్చార్జ్ ఉన్నా వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. వెళ్లేటప్పుడు ఆ డిశ్చార్జ్ సమ్మరీ, బయాప్సీ రిపోర్ట్, నెలసరి తేదీలు వెంట తీసుకెళ్లండి.