మీ పిల్లల్ని అక్కడే ఏశారా?

మొన్న జూన్ నెల మొదటివారంలో ఒకనాడు పొద్దున్నే కాఫీ తాగుతూ పేపరు తిరగేస్తున్నాను. అంట్లు తోమడం ముగించి, చేతులు కొంగుకి తుడుచుకుంటూ మా పనమ్మాయి వంటింటి గుమ్మంలో నిలబడింది. అప్పు కావాలి కాబోలు అనుకున్నాను. అప్పే. కాని దానికి ముందు ఒక సలహా కావాలిట.

“అమ్మగారూ, మా పాపకి ఐదోక్లాసు అయిపోయింది. ఆరులో మునిసిపాలిటీ బళ్ళో ఎయ్యమంటారా, పైవేటు బళ్ళో ఎయ్యమంటారా? పైవేటంటే ఇరవైవేలు కట్టాలంట. మీరో పదివేలు సర్దితే నెలనెలా జీతంలో పట్టుకుందురుగాని.”

సలహా అడిగితే మనం ఊరుకుంటామా? పైగా నేను పాతికేళ్ళు ఆడపిల్లల కాలేజీలో చరిత్ర పాఠం చెప్పి రిటైరైనదాన్ని. గొంతు సవరించుకుని అందుకున్నాను. “అప్పుచేసి పైవేటు బడి దేనికే? శుభ్రంగా మునిసిపల్ బళ్ళో వెయ్యి. నేను చదువుకున్నది అక్కడే. నాకేం తక్కువైంది చెప్పు?”

ఆమె శ్రద్ధగా విని తల ఊపింది. తర్వాత మెల్లిగా అడిగింది.

“మరైతే మీ పిల్లల్ని కూడా అక్కడే ఏశారా అమ్మగారూ?”

ఆ మాటలో వెటకారం లేదు. నిజంగా తెలుసుకుందామనే అడిగింది. నేను మాత్రం గ్లాసులోకి చూస్తూ, “సాయంత్రం చెప్తాలే, పనికి వేళవుతోంది వెళ్ళు” అన్నాను.

జవాబు తోచనప్పుడు పుస్తకాల్లో తలదూర్చడం నాకు పాత అలవాటు. బడి గురించి తల్లిదండ్రులు ఏమనుకున్నారు, పిల్లలు ఏమనుకున్నారు అన్నది మన తెలుగుదేశంలో ఎప్పటినుంచి కాగితంమీద కెక్కిందా అని ఆలోచిస్తూ కూర్చున్నాను.

1822లో మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో, జిల్లాల్లో బళ్ళెన్ని, పిల్లలెందరు, ఏం చదువుతున్నారు అని కలెక్టర్లందరినీ లెక్కలడిగాడు. మరుసటేడు, అంటే 1823లో, బళ్ళారి కలెక్టరు క్యాంబెల్ పంపిన జవాబు అన్నిటిలోకీ ముచ్చటైనది. బళ్ళారి మనకెందుకు అంటారేమో, 1882 దాకా మన అనంతపురం కూడా ఆ జిల్లాలోదే. మొత్తం 533 బళ్ళు. అందులో 226 తెలుగు బళ్ళు. పిల్లలు 6,641 మంది. ఆ ఆరువేల పైచిలుకులో ఆడపిల్లలు ఎందరనుకున్నారు? అరవై మంది! నూటికి ఒక్కరు కూడా కాదు.

క్యాంబెల్ దొర బడి తీరు కూడా రాశాడు. తెల్లవారి ఆరుగంటలకల్లా బడికి చేరాలి. అందరికంటే ముందొచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతీదేవి పేరు రాస్తారు. రెండోవాడి చేతిలో సున్న చుడతారు, అంటే మెప్పూ లేదు, తప్పూ లేదు. మూడోవాడికి ఒక చిన్న దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆ వెనక వచ్చినవాళ్ళకి ఒక్కొక్కటే పెరుగుతూ పోతుంది. పాపం, ఇరవయ్యోవాడికి బడి గురించి ఎలాంటి అభిప్రాయం ఉండి ఉంటుందో ఏ కలెక్టరూ అడగలేదు. అడగనక్కరలేదు కూడాను.

తల్లిదండ్రుల సంగతి మాత్రం ఆయన ఉన్నదున్నట్టు రాశాడు. సీమగుడ్డ దిగుమతయ్యాక ఇక్కడి నేతపని దెబ్బతిన్నది, దేశం బీదదైపోయింది, పంతులుకివ్వడానికి చేతిలో కాసులేదు, పిల్లవాడి లేతచేతులు ఏదైనా పనికి వస్తాయనగానే బడి మాన్పిస్తున్నారు అని. దొరగారే దొరతనం మీద పెట్టిన నేరం అది! నూరేళ్ళు, రెండు నూరేళ్ళు గడిచాయి. మా పనమ్మాయి వాళ్ళ పెద్దపిల్లవాడు తొమ్మిదోక్లాసులో బడి మానేసి మెకానిక్కు షెడ్డులో చేరాడు. కారణం అడిగితే ఆమె కూడా ఇంచుమించు క్యాంబెల్ మాటే చెప్పింది.

ఇక ఆడపిల్లల బడి సంగతి. 1874లో కందుకూరి వీరేశలింగంగారు ధవళేశ్వరంలో బాలికల పాఠశాల పెట్టారు. ఆ రోజుల్లో ఆడపిల్లకి అక్షరాలొస్తే కొంప మునుగుతుందన్న భయం పెద్దవాళ్ళకి ఎంతగా ఉండేదో మా అమ్మమ్మ చెప్పగా విన్నాను. కలం పట్టుకున్న చేతికి గాజులుండవనేవారుట. మా అమ్మమ్మ బడి మొహం ఎరగదు. కాని తమ్ముడు చదువుతుంటే గోడవతల కూర్చుని విని, ఎక్కాలన్నీ వల్లించేసింది. పచారీకొట్టు శెట్టిగారి లెక్కలో తప్పు పట్టుకున్న రోజున తాతగారు గర్వపడ్డారో, కంగారుపడ్డారో ఆవిడకి చివరిదాకా తేలలేదు.

గోదావరి సంగతి ఇలా ఉంటే, హైదరాబాదు సంస్థానంలో చిక్కు వేరు. అక్కడ సర్కారు బడంటే ఉర్దూలో చదువు. ఇంట్లో అమ్మ మాట్లాడే భాష బళ్ళో పనికిరాదు. 1928లో మాడపాటి హనుమంతరావుగారు నారాయణగూడలో తెలుగులో చదువుచెప్పే బాలికల పాఠశాల నెలకొల్పారు. ఆ చదువుకి అక్కడి సర్కారు గుర్తింపు లేకపోతే, పూనాలో కార్వేగారు స్థాపించిన మహిళా విశ్వవిద్యాలయం పరీక్షలకి పిల్లల్ని కూర్చోబెట్టారు. ఆలోచించండి, సర్కారు ముద్రలేని చదువుకి కూతుర్ని పంపాలంటే ఆ తల్లికీ తండ్రికీ ఎంత గుండె ఉండాలో! వాళ్ళు అర్జీ రాయలేదు, సభ పెట్టలేదు. పిల్లకి జడవేసి ఆ బడికి పంపారు. అదే వాళ్ళ అభిప్రాయం.

పిల్లల అభిప్రాయం అన్నారు కదా, ఒక్క పిల్లయినా నోరు విప్పలేదా అంటే, విప్పింది. ఇంగ్లీషు చదువు నాకక్కరలేదని పన్నెండేళ్ళ వయసులో బడి మానేసిన ఒక పిల్ల, మరికొంతకాలానికి తానే ఆడవాళ్ళకి హిందీ నేర్పే బడి పెట్టింది. ఆవిడే దుర్గాబాయిగారు. 1958లో భారతప్రభుత్వం స్త్రీవిద్య సంగతి చూడమని ఒక జాతీయసంఘం వేసి, దానికి ఆవిడనే అధ్యక్షురాల్ని చేసింది. బడి మానేసిన పిల్ల చేతికే దేశంలోని ఆడపిల్లల బళ్ళన్నీ వచ్చాయన్నమాట!

తల్లిదండ్రులు కన్నెర్ర చేసిన సందర్భమూ ఉంది. 1953లో మద్రాసు ముఖ్యమంత్రి రాజాజీగారు పల్లెటూరి ప్రాథమిక పాఠశాలల్లో కొత్తపద్ధతి పెట్టారు. రోజుకి మూడుగంటలే బడి, మిగతా వేళ పిల్లలు ఇంట్లో తండ్రి చేసే పని నేర్చుకోవాలి. పైకి బాగానే ఉంది. కాని చాకలి కొడుకు చాకిరేవుకీ, కుమ్మరి కొడుకు సారెకీ మాత్రమే పోవాలా అన్న ప్రశ్న వచ్చింది. ఎక్కడలేని అలజడీ రేగింది. ఆ ఏడే అక్టోబరు 1న మన ఆంధ్రరాష్ట్రం విడిపోయింది. 1954లో రాజాజీ దిగిపోయారు. తర్వాత వచ్చిన కామరాజు ఆ పద్ధతి ఎత్తేశారు. మా నాన్న చేసిన పని చెయ్యడానికి నాకు బడెందుకు అన్నది ఆ అలజడి సారాంశం.

ఇక నా కథ. 1968లో నేను ఆరోక్లాసులో చేరాను. మా బళ్ళో మునసబుగారమ్మాయీ, రిక్షా తొక్కేవాడి కూతురూ ఒకే బల్లమీద కూర్చునేవారు. లెక్కల మాస్టారు సుద్దముక్క విసిరితే గురి తప్పేది కాదు. ఏడోక్లాసు పబ్లిక్ పరీక్ష ముందు ఆయన జీతం బత్తెం లేకుండా రాత్రి ఎనిమిదింటిదాకా చదివించేవారు. ఆ బడి అంటే నాకు ప్రాణం.

ఇదంతా నా పిల్లలకి వందసార్లు చెప్పాను. చెప్పనిది ఒకటుంది. ఆ బళ్ళో ఆడపిల్లలకి మరుగుదొడ్డి లేదు. పొద్దున్న తొమ్మిదింటినుంచి సాయంత్రం నాలుగున్నరదాకా మేము మంచినీళ్ళు తాగేవాళ్ళం కాదు. వేసవి ఒంటిపూట బడి అంటే మాకు పండగ, సెలవొచ్చినందుకు కాదు, పన్నెండింటికల్లా ఇంటికి పోవచ్చని. నాతో చదివిన పిల్లల్లో ఆరుగురు పెద్దమనుషులయ్యాక మళ్ళీ బడికి రాలేదు. ఎందుకు రాలేదో మాకందరికీ తెలుసు. మాస్టర్లకి తెలియదు. మేము చెప్పలేదు. ఇళ్ళల్లో అమ్మలకి చెప్తే, “అణుచుకోవాలి మరి, ఆడపుట్టుక పుట్టాక” అన్నారు.

అందుకే 1980లలో నా పిల్లల వంతు వచ్చేసరికి, నేను మావారితో ఒక్కమాట వాదించకుండా ఇంగ్లీషు బడికి సంతకం పెట్టాను. ఇంగ్లీషుకోసం అని అందరికీ చెప్పాను. అదీ నిజమే. మా వీధిలో ప్లీడరుగారు, డాక్టరుగారు, నాతో పనిచేసే లెక్చరర్లు, చివరికి ఆ మునిసిపల్ బళ్ళో పాఠం చెప్పే టీచరమ్మ కూడా అదే పని చేశారు. మేమందరం ఒక్కొక్కరమే, చప్పుడు చెయ్యకుండా బయటికి వచ్చేశాం. కొళాయి చెడిపోతే మునిసిపల్ ఛైర్మన్ ఇంటికి వెళ్ళి అడగగలవాళ్ళం మేమే. పేపరుకి ఉత్తరం రాయగలవాళ్ళమూ మేమే. మేము వచ్చేశాక అక్కడ కొళాయి చెడిపోయింది. అడిగేవాళ్ళు లేరు. ఆ తర్వాత, “అబ్బే, గవర్నమెంటు బళ్ళు ఏం బావుంటాయండీ” అని పేరంటాల్లో అనుకున్నదీ మేమే!

ఇన్నేళ్ళలో మార్పులు రాలేదని కాదు. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు బళ్ళో పిల్లలకి వండి వడ్డించాలని ఆదేశించింది. 2003లో మన రాష్ట్రంలోనూ వేడి అన్నం మొదలైంది. 2010 ఏప్రిల్ 1న విద్యాహక్కు చట్టం అమల్లోకి వచ్చింది. అందులో ఒక ముక్క మన ఆడవాళ్ళు కొంగున ముడేసుకోదగ్గది. సర్కారు బడికి ఒక కమిటీ ఉండాలి, అందులో నాలుగింట మూడువంతులు తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగంమంది ఆడవాళ్ళు కావాలి. 2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బళ్ళన్నీ ఇంగ్లీషులోకి మారుస్తానంటే, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు ఆ ఉత్తర్వు కొట్టేసింది. అప్పుడు ప్రభుత్వం తల్లిదండ్రుల్నే అడిగించింది. నూటికి 96 మంది ఇంగ్లీషే కావాలన్నారుట. 1928లో నారాయణగూడ తల్లులు తెలుగు కావాలన్నారు. తొంభై ఏళ్ళ తర్వాత తల్లులు ఇంగ్లీషు కావాలన్నారు. ఎదురుబొదురు మాటల్లా ఉన్నాయా? నాకు రెండూ ఒకటే అనిపించాయి. నా పిల్లని గుమ్మం బయట నిలబెట్టకండి అని ఇద్దరూ అడిగారు. ఏ కాలంలో ఏ భాష గుమ్మానికి తాళంచెవి అయితే ఆ భాష అడిగారు.

సాయంత్రం మా పనమ్మాయి వచ్చింది, కూతుర్ని వెంటబెట్టుకుని. నేను ముందుగా అడిగినదానికి జవాబు చెప్పాను. “లేదమ్మా, నా పిల్లల్ని అక్కడ వెయ్యలేదు.” ఆమె ఆశ్చర్యపోలేదు. “నాకు తెలుసులెండి” అంది. తెలిసే అడిగిందన్నమాట!

పిల్ల వంక తిరిగి, “నీకెక్కడ చదువుకోవాలని ఉందే?” అన్నాను. అది తల్లి వెనక్కి నక్కి, కాసేపు కాలి బొటనవేలితో నేల రాసి, “బాత్రూముకి గడియ ఉంటే ఎక్కడైనా పర్లేదు” అంది.

యాభై ఏళ్ళు దాటిపోయాయి. నా గొంతులో మంచినీళ్ళు దిగని ఆ మధ్యాహ్నాలన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి.

మర్నాడు ముగ్గురం మునిసిపల్ బడికి వెళ్ళాం. హెడ్‌మిస్ట్రెస్ మంచావిడ, బడంతా తిప్పి చూపించింది. గోడలకి రంగులున్నాయి, బల్లలున్నాయి, మంచినీళ్ళున్నాయి. ఆడపిల్లల మరుగుదొడ్లు రెండున్నాయి. ఒకదానికి గడియ ఊడిపోయింది. “చెప్పాలండీ, ఎన్నని చూసుకోను” అందావిడ నొచ్చుకుంటూ. నేను కమిటీ సంగతి ఎత్తాను. మా పనమ్మాయి నవ్వేసింది. “నేనా? నన్ను కుర్చీలో కూకోనిస్తారా?” కూర్చోనివ్వకపోతే చట్టం ఒప్పుకోదన్నాను. పిల్లని చేర్చింది. నేనివ్వబోయిన పదివేలు వద్దని, యూనిఫాం కుట్టుకూలికి మాత్రం రెండువందలు తీసుకుంది.

ఆగస్టులో ఒకరోజు పిల్ల బడినుంచి తిన్నగా మా ఇంటికి వచ్చింది.

“ఏమే, గడియ పెట్టించారా?”

“పెట్టించారండి. అమ్మ మీటింగులో అడిగింది.”

“మరింకేం!”

“బాగా ఎత్తున బిగించారండి. నాకందుతుంది. పొట్టోళ్ళకి అందట్లేదు.”

వంటింట్లోంచి తల్లి గొంతు వినిపించింది. “వచ్చే మీటింగులో చెప్తాను.”