వరుణుడికీ దక్కని సముద్రం

పుదుచ్చేరి నెల్లితోపు కింద, ఒండ్రుమట్టినీ కడలూరు ఇసుకరాయినీ దాటి ఇంకా చాలా లోతుకు దిగితే, ఎప్పుడో చచ్చిపోయిన సముద్రం అడుగు ఉంది. పట్టణానికి వాయవ్యాన వళుదావూరు వైపు వెళితే ఆ పొరలే నేలమీదికి వస్తాయి. అక్కడి నుంచి ఆగ్నేయంగా వాలి ఊరి కిందికి జారిపోతాయి.

కే, కన్లిఫ్ అనే ఇద్దరు దొరలు ఆ చుట్టుపక్కల ఏరిన శిలాజాలను లండన్‌లో ప్రకృతి శాస్త్రజ్ఞుడు ఎడ్వర్డ్ ఫోర్బ్స్ పరిశీలించి, 1846లో పేర్లు పెట్టాడు. చుట్టలు తిరిగిన అమ్మోనైట్లకు మన దేవతల పేర్లే ఇచ్చాడు: ఇంద్ర, బ్రహ్మ, సూర్య, వరుణ. మన పూజగదుల్లోని గండకీ సాలగ్రామాలు వాటి పాత చుట్టాలే. ఈ ఫోర్బ్సే, సముద్రంలో 300 బారల కింద జీవం ఉండదని కూడా వాదించాడు. అది తప్పని తర్వాత తేలింది. కానీ జీవం నిలవని నీళ్లు ఆ దేవతల పూర్వీకులకు ఒకసారి నిజంగానే ఎదురయ్యాయి, అదీ అంత లోతున కాదు.

సుమారు 9.4 కోట్ల ఏళ్ల కిందటి మాట. కరీబియన్ ప్రాంతంలో సముద్రగర్భపు అగ్నిపర్వతాలు పొంగాయి. బొగ్గుపులుసు వాయువు పెరిగి భూమి కాగింది. కాగిన నీటిలో ఆక్సిజన్ అంతగా నిలవదు. నదులు మోసుకొచ్చిన పోషకాలకు నాచు విపరీతంగా పెరిగింది, చచ్చి అడుగుకు దిగింది, కుళ్లుతూ ఉన్న కాస్త ప్రాణవాయువునూ తినేసింది. భీమవరం చేపల రైతుకు ఇది చెప్పనక్కర్లేదు. నాచు ముదిరిన చెరువులో తెల్లవారుజామున చేపలు నోళ్లు తెరుచుకుని పైకి తేలితే, ఆయన పరుగెత్తి ఏరేటర్లు వేస్తాడు. ఆ కడలికి ఏరేటరు వేసే నాథుడెవరు? ఆ ఊపిరాడనితనం కొన్ని లక్షల ఏళ్లు సాగింది. చాలాచోట్ల అడుగున పురుగు కూడా తొలవని మట్టి పలకలు పలకలుగా పేరుకుంది. ఇటలీలో గుబ్బియో దగ్గర అది నల్లటి పట్టీగా కనిపిస్తుంది. 1976లో ష్లాంగర్, జెంకిన్స్ అనే భూశాస్త్రజ్ఞులు ఇలాంటి విపత్తులకు సముద్రపు ఆక్సిజన్ లేమి ఘట్టాలని పేరు పెట్టారు. మన కావేరీ పరీవాహక ప్రాంతంలో ఆ కాలాన్ని దాటి వచ్చిన బంకమట్టి పెరంబలూరు జిల్లా కారై దగ్గర బోడి దిబ్బలుగా ఉంది.

అప్పుడు ఎక్కువగా నష్టపోయినవి అడుగున, నడిలోతున బతికేవి. కాస్త లోతున తేలే రోటాలిపోరా అనే సూక్ష్మజీవుల వంశం అక్కడితో సరి. పైనీటిని నమ్ముకున్నవి గట్టెక్కాయి. అమ్మోనైట్ల చిట్టిపిల్లలు కూడా పైనీటిలో తేలుతూ పెరిగేవని శాస్త్రజ్ఞుల అంచనా. వంశం నిలిచింది. కడలి మళ్లీ ఊపిరి తీసుకుంది. వళుదావూరు పొరలు ఆ రెండో వైభవానివే.

ఆ వైభవమూ 6.6 కోట్ల ఏళ్ల కిందట ముగిసింది. మెక్సికోలో గ్రహశకలం పడింది. ఇక్కడ దక్కన్ లావా రాజమండ్రి దాకా పారింది. ఈసారి దెబ్బ అడుగుకు కాదు, పైకి. సూర్యకాంతి తగ్గి, పైనీటి ఆహారమంతా కూలిపోయింది. ఒకప్పుడు కాపాడిన చోటే ఇప్పుడు ముంచింది. పెద్ద గుడ్లను లోతున పెట్టే వాటి చుట్టం నాటిలస్ మిగిలింది. దేవతల పేర్లున్నవి మిగల్లేదు. నా దృష్టిలో ఇది బలహీనుల ఓటమి కాదు, ఒక ఆపదకు పనికొచ్చిన ఉపాయం ఇంకో ఆపదకు ఎదురుతిరగడం.

ఇప్పుడు పుదుచ్చేరి ఒడ్డును తాకే బంగాళాఖాతంలోనూ, నూరు మీటర్లు దాటిన లోతున, ఆక్సిజన్ దాదాపు లేని పొర ఒకటి ఉంది. అక్కడ ఆక్సిజన్ అణుమాత్రంగానే మిగిలి ఉంది. 1960 నుంచి ప్రపంచ సముద్రాలు తమ ఆక్సిజన్‌లో సుమారు 2 శాతం పోగొట్టుకున్నాయి.