అబిడ్స్ ఇరానీ హోటలు - మా రెండో ఆఫీసు

ప్రత్యేక సంచికకు పాత సంగతి ఏదైనా రాసి ఇమ్మని కార్యదర్శి గారు కోరగానే నాకు అబిడ్స్ గుర్తుకు వచ్చింది. మనలో చాలామందికి ఆ పేట కొత్త కాదు. జీతం రోజున చెప్పులకూ, పండగ ముందు బట్టలకూ, ఆదివారం పాత పుస్తకాలకూ అందరమూ అక్కడికే పోయేవాళ్ళం. ఆరో నిజాం కొలువులో పనిచేసిన ఆల్బర్ట్ అబిద్ అక్కడ పెట్టిన దుకాణం వల్ల ఆ పేరు వచ్చింది. నేను రాసేది మాత్రం దుకాణాల గురించి కాదు, అక్కడి హోటళ్ళ గురించి.

మా నాన్నగారు 1956లో రాష్ట్రం ఏర్పడ్డప్పుడు కర్నూలు నుంచి హైదరాబాదు తరలివచ్చిన గుమాస్తాలలో ఒకరు. ఆయనకు కాఫీ తప్ప టీ పడేది కాదు. ఇడ్లీ సాంబారుకు తాజ్ మహల్ హోటలుకు తీసుకువెళ్ళేవారు గాని ఇరానీ హోటలు గడప తొక్కనిచ్చేవారు కాదు. "అక్కడ కూర్చున్నవాడు లేవడురా" అనేవారు. లేవనక్కర లేకపోవడమే ఆ హోటలు గొప్పతనమని 1973లో నేను ఉద్యోగంలో చేరాకనే తెలిసింది.

ఈ ఇరానీలు యజ్ద్ మొదలైన ప్రాంతాల నుంచి బతుకుతెరువు వెతుక్కుంటూ బొంబాయి, పూనా మీదుగా మన ఊరు చేరారు. 1880ల దాకా ఇక్కడి సర్కారు భాష ఫార్సీయే, తర్వాత ఉర్దూ అయింది. కాబట్టి వాళ్ళకు ఇది మరీ పరాయి ఊరు కాదు. నాలుగు వీధుల మూల స్థలాలు మనవాళ్ళు వాస్తు చూసి వదిలేస్తే వాళ్ళు తీసుకున్నారని అంటారు. అబిడ్స్‌లో గ్రాండ్ హోటలు 1935 నాటిది. ఓరియంట్ హోటల్లో కవి మఖ్దూం మొహియుద్దీన్ వంటివారు కూర్చునేవారు. చార్మినారు వైపు మదీనా హోటల్లో హలీం అమ్మకం మొదలైంది 1956లోనే నట, అంటే మా నాన్నగారు వచ్చిన ఏడే. ఆ హలీంకు 2010లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. నేను శాకాహారిని గనుక దాని రుచి గురించి ఇతరులే రాయాలి.

చాయ్ సంగతి రాయగలను. మనం ఇంట్లో పాలు, నీళ్ళు, పొడి అన్నీ కలిపి మరిగిస్తాం. వాళ్ళు అలా చేయరు. టీపొడి డికాషన్ మూత బిగించిన రాగి పాత్రలో సన్నని సెగ మీద గంటల తరబడి ఉంటుంది. పాలు వేరే పాత్రలో చిక్కబడే దాకా మరుగుతుంటాయి. కప్పులో ముందు డికాషన్, పైన పాలు. పక్కన ఏడో నిజాం పేరు మోస్తున్న ఉస్మానియా బిస్కెట్టు, తీపీ ఉప్పూ కలిసినది. చాయ్‌లో ముంచిన బిస్కెట్టు విరిగి పడకముందే నోట్లో వేసుకోవడం ఒక విద్య. మా సెక్షనులో కొత్తగా చేరినవాళ్ళకు ఫైలు నంబరు వేయడం కంటే ముందు అది నేర్పేవాళ్ళం.

నెలాఖరులో 'వన్ బై టూ'. ఒక చాయ్, రెండు కప్పులు. దానికి ఒక గంట కూర్చున్నా సేఠ్ ముఖం మాడ్చుకునేవాడు కాదు. పాలరాతి బల్ల మీద డి.ఎ. బకాయిల లెక్కలు, చీటీ పాటలు, బదిలీ అర్జీలు, పెళ్ళి సంబంధాలు, అన్నీ అక్కడే తేలేవి.

1983 ఫిబ్రవరి నెలను మన తరం మరచిపోదు. పదవీ విరమణ వయసు 58 నుంచి 55కు తగ్గింది. 55 దాటినవారంతా ఫిబ్రవరి 28న ఒక్కసారిగా ఇంటికి. (తర్వాత మళ్ళీ 58 అయింది. 2021లో తెలంగాణలో 61, 2022లో ఆంధ్రప్రదేశ్‌లో 62 అయినప్పుడు నాకు ఆయనే గుర్తొచ్చారు.) ఆయన అంటే మా హెడ్ గుమాస్తా గారు. మూడేళ్ళు ఉందనుకున్న సర్వీసు మూడు వారాలకు వచ్చింది. వైశాఖంలో అమ్మాయి పెళ్ళి. ఆ సాయంత్రం మెడలో దండ తీసి సంచిలో పెట్టుకుని మాతో హోటలుకు వచ్చారు, చాయ్ తాగలేదు.

అసలు చిక్కు వేరే ఉంది. ఆయన 1946లో నిజాం సర్కారు నౌకరీలో చేరారు. సర్వీసు రిజిస్టరులో మొదటి ఐదేళ్ళ పేజీలు ఉర్దూలో, గొలుసు రాతలో ఉన్నాయి. పింఛను కాగితాలు చూసే సీట్లో ఉన్నవారికి ఉర్దూ రాదు. తర్జుమా లేనిదే ఆ ఐదేళ్ళు లెక్కలోకి రావు. సర్వీసు తగ్గితే పింఛనూ తగ్గుతుంది. హెడ్ గుమాస్తా గారికి ఉర్దూ వచ్చు గాని అప్పటికే కళ్ళలో శుక్లాలు, పైగా సిరా వెలిసిపోయింది. రిజిస్టరు ఆఫీసు దాటించరాదు గనుక ఆ పేజీలు జిరాక్సు తీయించి హోటలుకు పట్టుకుపోయాం. మా గోల విని గల్లా దగ్గరి ముసలి సేఠ్ కళ్ళజోడు పెట్టుకుని లేచి వచ్చాడు. చిన్నప్పుడు ఫార్సీ చదివిన మనిషి, ఆ రాత ఆయనకు లెక్కలోది కాదు. ఒక్కొక్క పంక్తీ చదివి అర్థం చెబుతుంటే నేను రాసుకున్నాను. నాలుగు సాయంత్రాలు పట్టింది. ఉర్దూ తెలిసిన ఒక గెజిటెడ్ అధికారి సరిచూసి సంతకం చేశారు. ఐదేళ్ళూ లెక్కకు వచ్చాయి.

పింఛను చేతికి వచ్చిన రోజు హెడ్ గుమాస్తా గారు మళ్ళీ హోటలుకు వచ్చి, వన్ బై టూ వద్దు, అందరికీ ఫుల్ చాయ్ అన్నారు. ఆ నాలుగు రోజుల చాయ్ డబ్బులు కూడా ఇవ్వబోతే సేఠ్ తీసుకోలేదు.

ఆ హోటలు ఇప్పుడు లేదు. సేఠ్ పోయాక వారసులు స్థలం అమ్ముకున్నారు. అక్కడ అద్దాల బట్టల దుకాణం వచ్చింది. ఇరానీ చాయ్ అని బోర్డు పెట్టిన కొట్లు వీధివీధినా ఉన్నాయి, రుచి కూడా బాగానే ఉంటుంది. నిలబడి తాగి వెళ్ళిపోవాలి, అంతే. మన మోకాళ్ళకు అది కుదరదు.

మొన్న లైఫ్ సర్టిఫికెట్టు పని ముగించుకుని మనవడితో నాంపల్లి వైపు నడుస్తుంటే ఒక పాత ఇరానీ హోటలు కనిపించింది. బల్ల పాలరాతిదే, కుర్చీ కాస్త ఊగుతోంది. నేను సాసరులో పోసుకుని తాగుతుంటే వాడు నవ్వాడు, తర్వాత వాడూ పోసుకున్నాడు. ముప్పావు గంట కూర్చున్నాం. ఎవరూ లెమ్మనలేదు.