సొంత బుట్టలో రెండు పాయింట్లు

1962 జనవరి. ఉత్తర ఇటలీలోని వారేసె పట్నం. బాస్కెట్‌బాల్ యూరప్ చాంపియన్స్ కప్పులో రియల్ మాడ్రిడ్‌కీ, స్థానిక జట్టు ఇగ్నిస్‌కీ పోటీ. ఇగ్నిస్ అంటే ఫ్రిజ్‌లు తయారుచేసే కంపెనీ. జట్టుకీ అదే పేరు. స్కోరు 80-80. గడియారంలో మిగిలినవి లెక్కపెట్టుకునే సెకన్లు. మాడ్రిడ్ కోచ్ పెడ్రో ఫెరాండిజ్ టైమ్ అవుట్ తీసుకుని, లోరెంసో అలోసెన్ అనే ఆటగాడికి ఒక మాట చెప్పాడు. ఆట మళ్ళీ మొదలైంది. అలోసెన్ చేతికి బంతి వచ్చింది. వచ్చిందే తడవు గిరుక్కున తిరిగి, తను కాపాడాల్సిన రింగులోనే వేసేశాడు.

82-80. ఇగ్నిస్ గెలిచింది. ఇటలీ వాళ్ళు గంతులేశారు. పాపం, కంగారులో దిక్కు మరిచిపోయాడు అనుకున్నారు.

అతను దిక్కేమీ మరిచిపోలేదు. ఆ పోటీలో రెండు మ్యాచ్‌లు, ఒకటి వాళ్ళ ఊళ్ళో, ఒకటి వీళ్ళ ఊళ్ళో. రెండింటి స్కోరూ కలిపి ఎవరిది ఎక్కువైతే వాళ్ళు పై రౌండుకి వెళ్తారు. ఇక్కడ సమానంగా ముగిస్తే ఓవర్‌టైమ్ ఆడాలి. మాడ్రిడ్ జట్టులో ముఖ్యమైన వాళ్ళు కొందరు అప్పటికే కోర్టులో లేరు. పరాయి ఊళ్ళో, మిగిలిన వాళ్ళతో ఇంకో ఐదు నిమిషాలు ఆడి పదో పదిహేనో తేడాతో ఓడేకంటే, ఇప్పుడే రెండు పాయింట్లతో ఓడిపోయి ఇంటికి పోతే నయం కదా అనేది ఫెరాండిజ్ లెక్క. తర్వాత మాడ్రిడ్‌లో 83-62తో గెలిచి పైకెళ్ళారు కూడా. అలా వెళ్ళి వెళ్ళి ఫైనల్లో డైనమో త్బిలిసీ చేతిలో ఓడిపోయారనుకోండి, అది వేరే సంగతి.

అంతర్జాతీయ సమాఖ్య ఫీబా వెంటనే నిబంధన మార్చింది. ఇప్పటి రూల్ బుక్ తెరిస్తే ఆ సాయంత్రం ఇంకా అందులోనే కనిపిస్తుంది. సొంత బుట్టలో కావాలని వేస్తే అది ఉల్లంఘన, పాయింట్లు లేవు. పొరపాటున పడితే మాత్రం రెండు పాయింట్లు ఎదుటి జట్టుకి, అవీ కోర్టులో ఉన్న వాళ్ళ కెప్టెన్ పేరు మీద. పాపం ఒకరిది, పద్దు ఇంకొకరిది.

నిబంధనల పుస్తకాన్ని నవలలా చదివేవాళ్ళు తక్కువ. కానీ బాస్కెట్‌బాల్ రూల్ బుక్ చదువుతుంటే నాకెప్పుడూ అది వెనక జరిగిన తమాషాల దస్త్రంలా అనిపిస్తుంది. ఏ వాక్యాన్ని కదిపినా, దాని కింద ఎవడో ఒకడు ఎప్పుడో చేసిన తుంటరి పని ఉంటుంది. మా హైస్కూల్లో రింగుకి వల ఉండేది కాదు. ఎప్పుడు చినిగిపోయిందో ఎవరికీ గుర్తులేదు. బంతి రింగులోంచి దూరిందా, పక్కనుంచి జారిందా అని రోజుకి రెండు తగాదాలు. డ్రిల్లు మాస్టారు వేపచెట్టు కింద కుర్చీలోంచి లేవకుండానే ‘పడింది’ అనేవారు, లేదా ‘పళ్ళేదు’ అనేవారు. ఆయన చూసి చెప్పేవారా అన్నది ఇప్పటికీ సందేహమే. వల అలంకారం కాదు, సాక్షి అని అప్పుడే తెలిసింది.

అసలు ఈ ఆట పుట్టుకే ఒక సర్దుబాటు. 1891 డిసెంబరులో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం, స్ప్రింగ్‌ఫీల్డ్ వైఎంసీఏ శిక్షణ కళాశాలలో, చలికాలం బయట ఆడలేక లోపల కసరత్తు విసుగేసి గోల చేస్తున్న 18 మంది విద్యార్థుల్ని అదుపులో పెట్టడానికి జేమ్స్ నైస్మిత్ అనే మాస్టారు 13 నిబంధనలు రాశాడు. గోల్ కోసం రెండు చెక్కపెట్టెలు కావాలని అక్కడి పనివాణ్ని అడిగాడు. పెట్టెలు లేవు, పీచ్ పళ్ళ బుట్టలున్నాయి, పనికొస్తాయా అన్నాడతను. ఆ బుట్టల్నే వ్యాయామశాల బాల్కనీ అంచుకి మేకులతో కొట్టారు. బాల్కనీ అంచు పది అడుగుల ఎత్తున ఉంది. నేటికీ ప్రపంచమంతా రింగు ఎత్తు పది అడుగులే. పెట్టెలు దొరికి ఉంటే ఈ ఆటని మనం ఏమని పిలిచేవాళ్ళమో.

తొమ్మిది మందికి తొమ్మిది మంది. మొదటి ఆట 1-0తో ముగిసింది. బుట్టకి అడుగు ఉంది కాబట్టి, పడిన బంతి అందులోనే కూర్చునేది. నిచ్చెనేసుకుని ఎవరో ఒకరు ఎక్కి తియ్యాలి. అది చిన్న ఇబ్బంది. పెద్ద ఇబ్బంది బాల్కనీలో కూర్చున్న ప్రేక్షకులు. బుట్ట వాళ్ళ కాళ్ళ దగ్గరే. తమ వాళ్ళ బంతి వస్తే లోపలికి తోసేవాళ్ళు, ఎదుటివాళ్ళది వస్తే బయటికి కొట్టేవాళ్ళు. వాళ్ళ చేతులకి అడ్డంగా పెట్టిందే బుట్ట వెనకాల బోర్డు. ఆటగాడు బోర్డుకి కొట్టి బుట్టలో వెయ్యడం తర్వాత కనిపెట్టిన విద్య. బోర్డు పుట్టింది ఆటగాడి కోసం కాదు, అల్లరి ప్రేక్షకుడి వల్ల.

అప్పటి ఇంకో నిబంధన ప్రకారం బంతి గీత దాటితే, దాన్ని ముందు ముట్టుకున్నవాడే లోపలికి విసరాలి. బంతి బాల్కనీలో పడిందంటే చాలు, రెండు జట్లూ మెట్ల మీదికి పరుగు. ఆ తోపులాట చూడలేక కొన్నిచోట్ల కోర్టు చుట్టూ కంచె కట్టేశారు, తీగతోనో తాడుతోనో. పంజరంలో ఆడేవాళ్ళు కాబట్టి ఆటగాళ్ళకి కేజర్లని పేరు. మన దేశంలో ఇంగ్లీషు పత్రికల ఆటల పేజీ ఇప్పటికీ ఆ మాట వదల్లేదు. పంజరాలు పోయి చాలాకాలమైంది, శీర్షికల్లో మాత్రం ఉన్నాయి.

ఆట కనిపెట్టిన నైస్మిత్ తర్వాత కాన్సస్ విశ్వవిద్యాలయానికి కోచ్‌గా చేశాడు. 55 గెలుపులు, 60 ఓటములు. ఆ విశ్వవిద్యాలయ చరిత్రలో గెలుపులకంటే ఓటములు ఎక్కువున్న కోచ్ ఆయనొక్కడే. స్ప్రింగ్‌ఫీల్డ్‌లోనే చదువుకున్న హ్యారీ క్రో బక్ 1920లో మద్రాసులో వైఎంసీఏ వ్యాయామ విద్యా కళాశాల పెట్టాడు. మద్రాసు వైఎంసీఏలో ట్రైనింగయిన డ్రిల్లు మాస్టార్లు మన జిల్లాల బళ్ళలో ఎంతమందో. ఆ లెక్కన వేపచెట్టు కింది కుర్చీకీ, పీచ్ పళ్ళ బుట్టకీ చుట్టరికం ఉన్నట్టే.

నైస్మిత్ కళ్ళారా చూసిన తమాషా ఇంకోటుంది. 1936 బెర్లిన్ ఒలింపిక్స్. బాస్కెట్‌బాల్‌కి పతకాలిచ్చిన మొదటి ఒలింపిక్స్ అదే. కానీ జర్మన్ నిర్వాహకులు ఆటల్ని బయట, మట్టీ ఇసుకా పరిచిన టెన్నిస్ కోర్టుల మీద పెట్టారు. ఆగస్టు 14న ఫైనల్. నైస్మిత్ పుట్టిన కెనడాకీ, ఆయన పౌరసత్వం తీసుకున్న అమెరికాకీ పోటీ. వాన కుండపోత. కోర్టు దుక్కి దున్నిన మడిలా తయారైంది. బంతిని నేలకి కొడితే పైకి లేవాలి కదా, లేస్తేనే కదా డ్రిబ్లింగ్. ఇక్కడ కొట్టిన బంతి కొట్టినచోటే బురదలో చతికిలబడేది. దాంతో ఇద్దరూ డ్రిబ్లింగ్ మానేసి ఒకరికొకరు విసురుకోవడంతోనే ఆట నడిపారు. కూర్చోవడానికి సీట్లు లేవు. వానలో నిలబడి చూసిన వాళ్ళు వెయ్యిమంది దాకా ఉంటారు. సగం ఆటకి 15-4. రెండో సగంలో రెండు జట్లూ చెరి నాలుగు పాయింట్లే. చివరికి అమెరికా 19, కెనడా 8. అమెరికా ఆటగాడు జో ఫోర్టెన్‌బెరీ ఒక్కడే 8 చేశాడు, అంటే కెనడా మొత్తం చేసినంత.

ఆ వాన సంగతి మనకీ తెలిసిందే. ఆ రోజే జరగాల్సిన భారత్, జర్మనీ హాకీ ఫైనల్ దాని వల్లే మర్నాటికి వాయిదా పడింది. ఆగస్టు 15న ధ్యాన్‌చంద్ జట్టు 8-1తో గెలిచింది. హాకీ వాళ్ళు ఆకాశం చూసి ఆగారు. బాస్కెట్‌బాల్ వాళ్ళు బురదలో దిగారు. పచ్చికలో ఆడే ఆటకి దొరికిన ఆ జాలి, చలికి భయపడి ఇంట్లో పుట్టిన ఆటకి దొరకలేదు. తర్వాతి ఒలింపిక్స్ 1948లో లండన్‌లో. అక్కడ బాస్కెట్‌బాల్ కప్పు కింద, హారింగే అరీనాలో జరిగింది.

బురద వల్ల 19 పాయింట్లంటే అర్థముంది. మెరిసే చెక్క నేల మీద, ప్రపంచంలో మేటి ఆటగాళ్ళు 48 నిమిషాలు ఆడి 19 చేస్తే ఏమనాలి? 1950 నవంబరు 22న మినియాపొలిస్‌లో అదే జరిగింది. మినియాపొలిస్ లేకర్స్ జట్టులో జార్జ్ మైకన్ అనే ఆరడుగుల పదంగుళాల మనిషి ఉన్నాడు. సొంత ఊళ్ళో వరసగా 29 మ్యాచ్‌లు గెలిచి ఉన్నారు. ఫోర్ట్ వేన్ పిస్టన్స్ కోచ్ ముర్రే మెండెన్‌హాల్‌కి ఉపాయం తట్టింది. బంతి మైకన్ చేతికి చేరితే కదా ప్రమాదం. మన దగ్గరే ఉంచేసుకుంటే పోలా? బంతిని ఎంతసేపైనా పట్టుకోవచ్చు, కాదనే నిబంధన లేదు. పిస్టన్స్ ఆటగాళ్ళు బంతిని చంకలో పెట్టుకుని నిలబడ్డారు. ఎదుటివాళ్ళు నిలబడ్డారు. ఏడువేల మంది టికెట్టు కొనుక్కుని వచ్చి ఆ నిలబడటం చూశారు. ఈలలు, అరుపులు. కొందరు పేపరు తీసి చదువుకున్నారట. నాలుగో క్వార్టర్ పన్నెండు నిమిషాల్లో లేకర్స్ చేసింది ఒక్క పాయింటు, పిస్టన్స్ మూడు. చివర్లో ఆరు సెకన్లుండగా లారీ ఫౌస్ట్ వేసిన బంతితో 19-18. లేకర్స్ 18లో 15 మైకన్‌వే. అంత కట్టడి చేసినా అతన్ని ఆపలేకపోయారు, మిగతావాళ్ళని ఆపారు. అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏ చరిత్రలో ఇంతకంటే తక్కువ స్కోరు నేటికీ లేదు.

మందు దొరకడానికి నాలుగేళ్ళు పట్టింది. సిరక్యూస్‌లో బౌలింగ్ ఆటల హాలు నడుపుకునే డానీ బయాసోన్, అక్కడి జట్టుకి యజమాని కూడా. జట్టు మేనేజర్ లియో ఫెరిస్‌తో కలిసి చిన్న లెక్కేశాడు. జనం మెచ్చిన మ్యాచ్‌ల్లో ఒక్కో జట్టు ఓ 60 సార్లు రింగు మీదికి బంతి వేస్తోంది, రెండు జట్లకీ 120. ఆట 48 నిమిషాలు, అంటే 2,880 సెకన్లు. భాగిస్తే 24. బంతి చేతికొచ్చిన 24 సెకన్లలోపు వెయ్యకపోతే ఎదుటివాళ్ళకి ఇచ్చెయ్యాలి. కిరాణా కొట్టు పద్దులాంటి ఆ లెక్క 1954-55 సీజన్ నుంచి చట్టమైంది. అంతకుముందు ఏడాది ఒక్కో జట్టు సగటు 79 దగ్గరుంటే, ఆ ఏడాది 93 దాటింది. ఇన్నేళ్ళుగా ఎన్‌బీఏ ఆటంతా ఆ భాగహారం చుట్టూనే తిరుగుతోంది.

అద్దాల సంగతి వేరు. బోర్డు వెనక కూర్చున్నవాళ్ళకి కూడా ఆట కనబడాలని చెక్క బోర్డుల స్థానంలో గాజువి వచ్చాయి. గాజన్నాక పగలదా? 1946 నవంబరు 5న బాస్టన్ సెల్టిక్స్ తొలిసారి సొంత ఊళ్ళో ఆడబోతుంటే, ఆటకి ముందు చేతులు కదుపుకుంటున్న చక్ కానర్స్ వేసిన బంతికి బోర్డు పగిలింది. ఇంకో బోర్డు కోసం బాస్టన్ గార్డెన్‌కి మనిషిని పరుగెత్తించారు. అక్కడ ఎద్దులూ గుర్రాల రోడియో నడుస్తోంది, బోర్డు ఎద్దుల దొడ్డి వెనకాల ఉందని చెప్తారు. ఆ కానర్సే తర్వాత ఆట మానేసి, ‘ది రైఫిల్‌మన్’ అనే టీవీ సీరియల్లో తుపాకీ పట్టిన కౌబాయ్ హీరో అయ్యాడు.

1979 నవంబరు 13న కాన్సస్ సిటీలో డారిల్ డాకిన్స్ పగలగొట్టిన తీరు మాత్రం దీపావళే. ఫిలడెల్ఫియా జట్టు కుర్రాడు, వయసు 22, ఎత్తు ఆరడుగుల పదకొండంగుళాలు. రెండు చేతులతో బంతిని రింగులోకి కుక్కాడు. బోర్డు ముక్కలు ముక్కలై కింద ఉన్న బిల్ రాబిన్‌జైన్ మీదా, తన మీదా రాలింది. తన డంక్‌లకి తనే పేర్లు పెట్టుకునే అలవాటు డాకిన్స్‌ది. దీనికి రాబిన్‌జైన్ ఏడుపునీ గాజు పగలడాన్నీ కలిపి, ప్రాసలతో ఒక గుక్కలో పలకలేనంత పొడుగాటి పేరు పెట్టాడు. మూడు వారాలు దాటగానే సొంత ఊళ్ళో ఇంకోటి పగలగొట్టాడు. ఇంకోసారైతే జరిమానా, సస్పెన్షన్ అని లీగ్ కళ్ళెర్రజేసింది.

ఈ కథలో నాకు నచ్చిన మనిషి డాకిన్స్ కాదు. ఇల్లినాయ్ రాష్ట్రంలో ధాన్యం గిడ్డంగిలో పనిచేసే ఆర్థర్ ఎరాట్. బాస్కెట్‌బాల్ ఆడినవాడు కాడు. కాలేజీ కోచింగులో ఉన్న మేనల్లుడు రింగులు వంగిపోతున్నాయని వాపోతే, పొలం దున్నే కల్టివేటర్‌కి వాడే స్ప్రింగు తీసి రింగుకి బిగించాడు. బరువు పడితే రింగు కిందికి వంగుతుంది, వదిలితే మళ్ళీ యథాస్థానానికి వస్తుంది. డాకిన్స్ గాజు పగలగొట్టే ముందే ఆ రింగు తయారై, పేటెంట్ కోసం ఎదురుచూస్తోంది. పేటెంట్ 1982లో చేతికొచ్చింది. ఇప్పుడు ఏ పెద్ద మ్యాచ్‌లోనైనా ఆటగాడు రింగు పట్టుకుని ఊగాడంటే, ఆ ఊపులో ఒక రైతు పనిముట్టు ఉంది.

అన్నిటికంటే వింతైనది డాకిన్స్ జట్టుదే. 1978 నవంబరు 8న ఫిలడెల్ఫియాలో న్యూజెర్సీ నెట్స్‌తో మ్యాచ్. రెండు టెక్నికల్ ఫౌల్స్ పడితే మనిషి బయటికి పోవాలి. రిఫరీ రిచీ పవర్స్ కోపంలో న్యూజెర్సీ ఆటగాడు బెర్నార్డ్ కింగ్‌కీ, కోచ్ కెవిన్ లాఫ్రీకీ మూడేసి ఇచ్చాడు. పోయినవాణ్ని మళ్ళీ పంపడం ఎలా? ఫిలడెల్ఫియా రెండు ఓవర్‌టైమ్‌ల తర్వాత గెలిచింది. నెట్స్ ఫిర్యాదు చేసింది. లీగ్ ఒప్పుకుంది. గొడవ జరిగిన మూడో క్వార్టర్ నుంచి ఆట మళ్ళీ ఆడాలంది.

ఆ ‘మళ్ళీ’కి ముహూర్తం 1979 మార్చి 23న కుదిరింది. ఈలోగా ఫిబ్రవరిలో రెండు జట్లూ ఆటగాళ్ళని మార్చుకున్నాయి. నెట్స్ ఎరిక్ మనీని ఇచ్చి, ఫిలడెల్ఫియా నుంచి హార్వీ క్యాచింగ్స్‌నీ రాల్ఫ్ సింప్సన్‌నీ తెచ్చుకుంది. కాబట్టి నవంబరులో ఆగిన ఆటని మార్చిలో అందుకున్నప్పుడు, ఆ ముగ్గురూ అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు వచ్చి నిలబడ్డారు. ఆటేమో ఒకటే. ఫిలడెల్ఫియా 123-117తో మళ్ళీ గెలిచింది. ఆ మ్యాచ్ స్కోరు షీటులో నెట్స్ వరసలో ఎరిక్ మనీ, 23 పాయింట్లు. పక్కన ఫిలడెల్ఫియా వరసలోనూ ఎరిక్ మనీ, 4 పాయింట్లు. ఒకే మ్యాచ్‌లో గెలిచాడు, ఓడాడు.