చేతికత్తి నుంచి కొడవలి దాకా: జావా పల్లెలో పంట హక్కు

ఇండోనేషియాలోని జావా పల్లెల గురించి పాశ్చాత్య విద్వాంసులు గీసిన బొమ్మ ఒకటి చాలాకాలం చలామణీ అయింది. చిన్న చిన్న వరిమళ్లు, చెట్ల నీడలో ఇళ్లు, కోతల రోజున చేను నిండా ఆడవాళ్లు. వచ్చినవారిని కాదనే ఆసామి లేడు. అమెరికన్ మానవశాస్త్రవేత్త క్లిఫర్డ్ గీర్ట్జ్ 1963లో ప్రచురించిన 'అగ్రికల్చరల్ ఇన్వల్యూషన్' గ్రంథంలో ఈ స్థితిని పంచుకున్న పేదరికంగా వర్ణించాడు. జావా రైతాంగం భూస్వాములుగా, కూలీలుగా చీలిపోలేదనీ, పెరిగిన జనమంతా అదే మడిలో మరింత శ్రమ పోసి, వచ్చిన గింజలను మరింత చిన్న వాటాలుగా పంచుకున్నారనీ ఆయన వాదం. బొమ్మ అందంగానే ఉంది. కాని మడి ఎవరి చేతిలో ఉంది? పంచినదెవరు, పుచ్చుకున్నదెవరు? ఈ ప్రశ్నలు వేసిన వెంటనే ఆ బొమ్మ చెదిరిపోతుంది.

జావాలో పల్లెను 'దేస' అంటారు. సంస్కృతం నుంచి వెళ్లిన మాటే. దేసలో భూమి ప్రధానంగా మూడు రకాలు. నీరు కట్టే వరిమడి 'సావా', మెట్ట చేను 'తెగలన్', ఇంటి చుట్టూ కొబ్బరి, అరటి పెరిగే పెరడు 'పెకరాంగన్'. మధ్య, తూర్పు జావాలలో చాలా పల్లెల్లో సావా ఉమ్మడిగా ఉండేది. అయితే ఉమ్మడి అంటే అందరిదీ అని కాదు. మడిలో వాటా ఉన్న 'గోగోల్' రైతులు పైమెట్టున ఉండేవారు. ఇల్లూ పెరడూ మాత్రమే ఉన్నవారు వారి కింద. ఒకరి పెరట్లో గుడిసె వేసుకున్నవారు ఇంకా కింద. ఒకరి పంచన తలదాచుకుని చాకిరీ చేసేవారు అందరికంటే అడుగున. గ్రామాధికారి 'లూరా'కు జీతానికి బదులు 'బెంకోక్' అనే భూమి దక్కేది. మన గ్రామోద్యోగుల మాన్యం లాంటిదే. భూమి లేనివాడు 'మరో' పద్ధతిన సగపాలుకు సేద్యం చేసేవాడు. గిరాకీ ఉన్నచోట అతనికి మూడో వంతే మిగిలేది. ఇది వర్గాలు లేని సమాజం కానే కాదు.

వలస పాలన ఈ మెట్లను సృష్టించలేదు, కాని తన అవసరానికి వాడుకుంది. 1811లో ఇంగ్లీషువారు జావాను పట్టుకున్నప్పుడు భూమి హక్కుల విచారణ సంఘానికి అధ్యక్షుడైనవాడు మనకు కొత్తవాడు కాడు. తెలుగు పల్లెల కైఫీయతులను సేకరింపజేసిన కాలిన్ మెకంజీయే. భూమి అంతా ప్రభువుదేననీ, రైతు శిస్తు కట్టే కౌలుదారు మాత్రమేననీ ఇంగ్లీషు గవర్నరు రాఫెల్స్ సిద్ధాంతీకరించాడు. తిరిగివచ్చిన డచ్చివారు ఆ సిద్ధాంతాన్ని వదులుకోలేదు. 1830లో వాన్ డెన్ బాష్ ప్రవేశపెట్టిన సాగు విధానం ప్రకారం ప్రతి పల్లే తన భూమిలో ఐదో వంతును చెరకు, నీలిమందు లాంటి ఎగుమతి పంటలకు కేటాయించాలి. కాగితం మీద ఐదో వంతు. ఆచరణలో చాలా చోట్ల అంతకు మించింది. 1831 నుంచి 1877 వరకు జావా నుంచి డచ్చి ఖజానాకు చేరిన సొమ్ము 82 కోట్ల గిల్డర్ల పైమాటే. అదే కాలంలో, 1849-50లో, డెమాక్, గ్రోబోగన్ జిల్లాల్లో జనం ఆకలితో చచ్చారు.

ఇక్కడ ఒక విషయం జాగ్రత్తగా గమనించాలి. ఆ రోజుల్లో వెట్టి బాధ్యత మడి వాటాకు ముడిపడి ఉండేది. వాటా ఉన్నవాడే చెరకు తోటలో, రోడ్డు పనిలో ఒళ్లు వంచాలి. అందువల్ల చాలా పల్లెల్లో మళ్లను మరింత మందికి విడగొట్టి పంచారు. భారం మోసే భుజాలు పెరగాలి కదా! విద్వాంసులకు గ్రామీణ సమభావంగా కనిపించినదాని వెనుక చాలా చోట్ల ఉన్నది ఈ లెక్కే. పంచుకున్నది పేదరికాన్ని కాదు, వెట్టిని. డచ్చి ఉద్యోగి డెక్కర్ 'ముల్తాతూలి' అనే కలంపేరుతో 1860లో రాసిన 'మాక్స్ హవెలార్' నవల, రైతు గేదెను తోలుకుపోయే దొరతనంలో స్థానిక ప్రభువుల చెయ్యి ఎంతో కూడా చూపించింది. 1870 నాటి భూచట్టం వెట్టి స్థానంలో పెట్టుబడిని కూర్చోబెట్టింది. యాజమాన్యం రుజువు కాని నేలంతా సర్కారుదని ప్రకటించి, 75 ఏళ్ల కౌలుకు కంపెనీలకు తలుపులు తెరిచింది.

మరి కోతల రోజున చేనంతా నిండిన ఆడవాళ్ల సంగతి? వారి చేతిలో ఉన్నది 'అని-అని'. అరచేతిలో ఇమిడే చిన్న కత్తి. దానితో ఒక్కొక్క వెన్నునే కోయాలి. వరితల్లి దేవి శ్రీ బెదరకూడదని అలా కోస్తారని నమ్మకం. ఎంతమంది వచ్చినా పని ఉంటుంది. కోసినదానిలో ఒక వాటా, 'బావన్', కోసినవారికి దక్కుతుంది. చుట్టాలకూ ఇరుగుపొరుగుకూ కాస్త ఎక్కువ, పొరుగూరివారికి తక్కువ. మడి లేని ఇంటికి ఇదే తిండిగింజల ఆధారం. దీనిని ఆసామి దయ అన్నారు. నిజానికి ఇది ఆస్తిలో భాగమే. పట్టా లేని ఆస్తి. పంట మీద పల్లె పేదకున్న హక్కు.

ఆ హక్కు దేని మీద నిలబడింది? ఆచారం మీదనా? దీనికి సమాధానం 1960 తరువాతి చరిత్రలో దొరుకుతుంది. ఆ సంవత్సరం స్వతంత్ర ఇండోనేషియా వలస భూచట్టాన్ని రద్దుచేసి, భూమికి సామాజిక బాధ్యత ఉందని ప్రకటించింది. పాలు పంపకానికి చట్టం చేసింది. జనసాంద్రత ఎక్కువగా ఉన్నచోట సావాకు 5 హెక్టార్ల గరిష్ఠ పరిమితి పెట్టింది. చట్టాలు వచ్చాయి, భూమి కదలలేదు. ఆసాములు బంధువుల పేర రాశారు, మతసంస్థలకు ధారపోసినట్లు చూపారు. అప్పుడు కమ్యూనిస్టు పార్టీకి అనుబంధమైన రైతుసంఘం 'బారిసాన్ తాని ఇండోనేషియా' 1963 చివరి నుంచి తానే అమలుకు పూనుకుంది. మధ్య జావాలోని క్లాతెన్‌లోనూ, తూర్పు జావాలోనూ పాలికాపులు చట్టం ఇచ్చిన వాటాను నిలుపుకున్నారు, మిగులు భూమిలోకి దిగారు. వారు అడిగింది విప్లవం కాదు, అచ్చయిన చట్టాన్ని.

1965 అక్టోబరు నుంచి దానికి జవాబు వచ్చింది. సైన్యం నడిపించిన మారణకాండలో కొద్ది నెలల్లో కనీసం 5 లక్షల మంది హతులయ్యారని అంచనా. లక్షలాది మంది విచారణ లేకుండా నిర్బంధం పాలయ్యారు. సైన్యంతో కలిసి చంపినవారిలో, భూమి పోతుందని భయపడిన ఆసాముల అనుచరులు కూడా ఉన్నారు. రైతుసంఘం పేరే నేరమైంది. ఆపైన సుహార్తో ప్రభుత్వం రాజకీయ పార్టీలను పల్లె గడప తొక్కనివ్వలేదు.

ఆ నిశ్శబ్దంలోనే హరిత విప్లవం అడుగుపెట్టింది. ఫిలిప్పీన్స్ పరిశోధనా కేంద్రం విడుదల చేసిన, మన గోదావరి డెల్టాలోనూ నాటిన ఐ.ఆర్. 8 లాంటి వంగడాలు, ఎరువులు, ప్రభుత్వ అప్పులు జావా మళ్లకు చేరాయి. 1970ల తొలినాళ్లకు 'తెబాసన్' విస్తరించింది. అంటే కోతకు కొద్ది రోజుల ముందే ఆసామి నిలువు పంటను వ్యాపారికి అమ్మేస్తాడు. వ్యాపారికి ఊరితో చుట్టరికం లేదు. తన ముఠాను తెచ్చుకుంటాడు, కొడవళ్లతో కోయిస్తాడు, తూకం వేసి డబ్బు చేతిలో పెడతాడు. వాటా కోసం వచ్చిన ఊరి ఆడవాళ్లు గట్టు మీదే నిలబడిపోయారు. కొన్నిచోట్ల 'కెదోకన్' పద్ధతి బిగిసింది. కోత వాటా కావాలంటే నాట్లూ కలుపుతీతా ముందుగా ఉచితంగా చెయ్యాలి. వడ్ల మిల్లులు వచ్చి దంపుడు కూలీ కూడా పోయింది.

పొట్టి పైరు, రాలే గింజ, అందుకే కొడవలి అవసరమైందన్నారు నిపుణులు. ఇందులో నిజం లేకపోలేదు. కాని వంగడం కోతపద్ధతిని మార్చగలదు. ఎవరు కోయాలో, ఎంత వాటా ఇవ్వాలో వంగడం నిర్ణయించదు. కొడవలి జావాకు కొత్త ఇనుము కాదు. పదేళ్ల ముందు ఆడవాళ్లను గట్టు మీద నిలబెట్టి కొడవలి దించే సాహసం ఆసామికి సులభం కాదు. ఊరంతా అడిగేది, సంఘం అడిగేది. అడిగేవారు లేరని తేలాక ఆచారం తన బలం ఎంతో చూపించుకుంది. పేదలు ఎదురు నిలబడగలిగినంతకాలమే అది దయగా కనిపించింది.

1984లో ఇండోనేషియా బియ్యంలో స్వయంసమృద్ధి సాధించింది. మరుసటి ఏడు రోములో ప్రపంచ ఆహార సంస్థ వేదిక మీద సుహార్తోకు గౌరవం దక్కింది. గింజ పెరిగిన మాట వాస్తవం. ఆ గింజ మీద హక్కు ఎవరికి పోయిందన్న ప్రశ్న ఆ వేదిక మీద రాలేదు. 1998లో సుహార్తో దిగిపోయాడు. 2023 జనవరిలో అధ్యక్షుడు జోకో విడోడో 1965-66 ఘటనలు ఘోరమైన హక్కుల ఉల్లంఘన అని ఒప్పుకుని విచారం ప్రకటించాడు. 1960 భూచట్టం నేటికీ రద్దు కాలేదు. అంటే, ఆనాడు చంపబడినవారు అడిగిన మాట ఇంకా చట్టపుస్తకంలోనే ఉంది. పల్లె చరిత్రను పట్టాలలోనే వెతికేవారికి ఇది అర్థం కాదు. పట్టా లేనివారి హక్కు వారి ఐక్యతలో నమోదై ఉంటుంది. ఐక్యతను చంపినచోట ఆ హక్కును వేరే చట్టంతో రద్దు చెయ్యనక్కరలేదు.